హొరేస్ ఆండీ 'డాన్స్ హాల్ స్టైల్': రెగే రీఇష్యూ ఒక్కటే కొనాలంటే ఇదే కొనండి

సూటిగా చెప్పేస్తా. పాత రెగే రికార్డులు ఇప్పుడు మళ్ళీ కొట్టి అమ్ముతున్నారు కదా, ఆ రీఇష్యూల్లో ఒక్కటంటే ఒక్కటే కొనే డబ్బులున్నాయి అనుకుంటే జమైకా పాటగాడు హొరేస్ ఆండీ 'డాన్స్ హాల్ స్టైల్' కొనండి, వాకీస్ అనే రికార్డు కంపెనీది, బెర్లిన్‌లో బేసిక్ ఛానెల్ అనే ఇద్దరు మ్యుజీషియన్లు మళ్ళీ వేసింది. నా దగ్గర రెగే, దాని శాఖలైన రూట్స్, డబ్ అన్నీ కలిపి ఒక అల్మరా నిండా ఉన్నాయి, చాలా వరకు రీఇష్యూలే, ఒరిజినల్స్ కొనే స్తోమత ఎక్కడుంటుంది, అయినా సరే ఎవరైనా ఇంటికొచ్చి ఏదన్నా వినిపించు అంటే నా చెయ్యి దీని మీదకే పోతుంది. బాగుంది కొనండి అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు గానీ, అసలు రీఇష్యూ అనేది ఎలా ఉండాలో ఈ ప్లేటు చూస్తే తెలుస్తుంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా.

మనవాళ్ళల్లో చాలామందికి రెగే అంటే బాబ్ మార్లే టీషర్టు దగ్గరే ఆగిపోతుంది. మార్లేని తక్కువ చెయ్యట్లేదు, కానీ 1960ల చివర్నించి 80ల మొదటి దాకా జమైకాలో కింగ్‌స్టన్ అనే ఒక్క ఊళ్ళో ఎంత సంగీతం పుట్టిందో తలుచుకుంటే మతిపోతుంది. బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో కాక్స్‌న్ డాడ్ స్టూడియో వన్, మ్యాక్స్‌ఫీల్డ్ అవెన్యూలో హూకిమ్ అన్నదమ్ముల ఛానెల్ వన్, వాషింగ్టన్ గార్డెన్స్‌లో ప్రొడ్యూసర్ లీ పెర్రీ తన ఇంటి పెరట్లోనే కట్టుకున్న బ్లాక్ ఆర్క్, వాటర్‌హౌస్‌లో డ్రామిలీ అవెన్యూలో కింగ్ టబ్బీ ఇల్లు, ఇవన్నీ ఒకే ఊరు. ఈ టబ్బీ అసలు పేరు ఆస్బర్న్ రడాక్, వృత్తి ఎలక్ట్రికల్ రిపేర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం, యాంప్లిఫయర్లు కట్టడం. డైనమిక్ స్టూడియో వాళ్ళు అమ్మేసిన నాలుగు ట్రాకుల మిక్సింగ్ డెస్క్ తెచ్చి ఇంట్లో పెట్టుకుని, వేరేవాళ్ళు రికార్డు చేసిన పాటల టేపులు తీసుకుని, గొంతు తీసేసి, డ్రమ్సు బేసు మిగిల్చి, గిటారు ఒక్క ముక్క వదిలి దాని మీద ఎకో పెట్టి, డెస్క్ మీదున్న ఫిల్టర్ నాబ్‌తో శబ్దాన్ని పలచన చేసి మళ్ళీ చిక్కన చేసి, అదే పాటని ఇంకో పాట చేసేవాడు. సింగిల్ రికార్డుకి ఒక పక్క పాట, రెండో పక్క వెర్షన్, అలా మొదలైంది డబ్.

మొదటిసారి వినేవాళ్ళకి ఇది ఎంత వింతగా ఉంటుందంటే, మా బావమరిది వైజాగ్ నించి వచ్చినప్పుడు పెట్టా, పాట నడుస్తూ నడుస్తూ గొంతు, గిటారు రెండూ మాయమై బేసు ఒక్కటే మిగిలేసరికి "బావా, స్పీకర్ వైరు ఊడినట్టుంది చూడు" అని లేచాడు. కూర్చోరా బాబూ అదే పాట అన్నా. అరగంట తర్వాత ఇంకో వైపు తిప్పమని వాడే అడిగాడు.

ఇంక అసలు రికార్డు. ఇది కింగ్‌స్టన్‌లో చేసింది కాదు, న్యూయార్క్ బ్రాంక్స్‌లో చేసింది. లాయిడ్ బార్న్స్ అని, అందరూ బుల్‌వాకీ అంటారు, కింగ్‌స్టన్ ట్రెంచ్‌టౌన్ మనిషి, 1960ల చివర్లో అమెరికా వచ్చేశాడు. ఇక్కడ సౌండ్ సిస్టమ్, అంటే పెద్ద స్పీకర్లతో పాటలు వేసి జనాన్ని ఆడించే సెట్, నడిపి, తర్వాత వైట్ ప్లెయిన్స్ రోడ్డులో స్టూడియో పెట్టుకుని, వాకీస్ పేరుతో లేబుల్ మొదలెట్టాడు. మేం ఉండేది న్యూజెర్సీలో కాబట్టి ఆ రోడ్డు నేను చూశా. నెత్తి మీద స్తంభాల మీద రెండో నంబరు ట్రైన్ వెళ్తుంటుంది, చివరి స్టాప్ వేక్‌ఫీల్డ్ దాకా రోడ్డు పొడుగునా ఆ ఇనప గర్డర్ల నీడే, కింద ప్యాటీలు అమ్మే జమైకన్ బేకరీలు, కోకో బ్రెడ్ వాసన, ట్రైన్ వెళ్ళిన ప్రతిసారీ మాట ఆపి మళ్ళీ మొదలెట్టాలి. ఆ పేటలో జమైకా వాళ్ళు ఎక్కువ, ఊరు వదిలి వచ్చినవాళ్ళు, చలి దేశంలో ఉద్యోగాలు చేసుకుంటూ ఊరి పాట కావాలనుకునేవాళ్ళు. ఆ మాట రాస్తుంటే ఎడిసన్‌లో మన వాళ్ళే గుర్తొస్తున్నారు. వాకీస్ రికార్డుల్లో ఉండే ఆ ముసురు పట్టిన లాంటి సౌండ్, ఆ దిగులు, కింగ్‌స్టన్ రికార్డుల్లో దొరకదు, నాకైతే అది ఆ చలి ఊళ్ళోంచే వచ్చింది అనిపిస్తుంది.

హొరేస్ ఆండీ గురించి రెండు ముక్కలు. అసలు పేరు హొరేస్ హైండ్స్, 1951లో పుట్టాడు, స్టూడియో వన్‌లో డాడ్ ఆయనకి ఆండీ అని పేరు పెట్టాడు, అప్పటికే బాబ్ ఆండీ అని పెద్ద పాటగాడు ఉన్నాడు, ఆ పేరే. 1972లో 'స్కైలార్కింగ్' ఆల్బం. తర్వాత ప్రొడ్యూసర్ బనీ లీ దగ్గర బోలెడన్ని పాడాడు, 70ల రెండో సగంలో అమెరికా వచ్చి ఎవర్టన్ డసిల్వా ప్రొడక్షన్‌లో 'ఇన్ ద లైట్' చేశాడు, అదీ అద్భుతమే. ఇవేవీ తెలియకపోయినా మాసివ్ అటాక్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ వినేవాళ్ళకి ఈ గొంతు తెలిసే ఉంటుంది, 1991లో 'బ్లూ లైన్స్' దగ్గర్నించి వాళ్ళ రికార్డుల్లో సన్నగా, పై స్థాయిలో, చివర్లో వణుకుతూ పాడే ఆయన ఈయనే. ఆ వణుకు నచ్చనివాళ్ళు కూడా ఉన్నారు, నాకు తెలుసు. నాకు మాత్రం మగ గొంతుల్లో ఇంత నిస్సహాయంగా ఉంటూనే ఇంత మొండిగా నిలబడే గొంతు ఇంకోటి తెలీదు.

'డాన్స్ హాల్ స్టైల్' 80ల మొదట్లో వచ్చింది. మొత్తం ఆరే పాటలు, పక్కకి మూడు. ఆరేనా అనుకోకండి, ఇది షోకేస్ పద్ధతి, అంటే పాట అయిపోగానే ఆగకుండా అదే దాని డబ్‌లోకి జారిపోతుంది, ఒక్కోటి పూర్తయ్యేసరికి ఐదారు నిమిషాలు. మొదటి పాట 'మనీ మనీ', డబ్బే అన్ని పాపాలకీ వేరు అనే పాట, ఇది ఆయన అంతకుముందు బనీ లీకి పాడిందే, కానీ ఆ పాత దానికీ దీనికీ పోలికే లేదు. పాతది చురుగ్గా నడుస్తుంది, ఇది బరువుగా, ఒక్కో అడుగూ ఆలోచించి వేసినట్టు కదులుతుంది, బేసు పైన గొంతు వచ్చేసరికి పాతకాలం నూతిలోకి వంగి పిలిస్తే తిరిగొచ్చే పిలుపులా ఉంటుంది. తర్వాత 'లోన్లీ వుమన్', ఆ తర్వాత 'కస్ కస్', ఇది లాయిడ్ రాబిన్సన్ పాడిన పాత పాట, జమైకాలో ఆ రిథమ్ మీద, అంటే పాట కింద నడిచే డ్రమ్సు బేసు వరస మీద, ఎంతమంది పాడారో లెక్కలేదు. మన దగ్గర ఒకే రాగంలో వందల కీర్తనలు ఉంటే ఎవరూ కాపీ అనరు కదా, రెగేలో కూడా ఒక రిథమ్ మీద పదిమంది పాడితే అది గౌరవమే, ఎవరు ఏం కొత్తగా చేశారా అనే చూస్తారు.

రెండో పక్క 'లివ్ ఇన్ ద సిటీ', 'స్టాప్ ద ఫస్', ఆఖర్న 'స్పైయింగ్ గ్లాస్'. ఈ ఆఖరి పాట కోసమే రికార్డు కొన్నా తప్పు లేదు. రాస్తా మనిషి, అంటే జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతం నమ్మేవాడు, ఎక్కడికెళ్ళి ఉన్నా జనం వదలకుండా దుర్భిణీ పెట్టి చూస్తూనే ఉంటారు, వాడి బతుకు వాణ్ణి బతకనివ్వరు, అదీ పాట. మాసివ్ అటాక్ వాళ్ళు 1994లో 'ప్రొటెక్షన్'లో ఇదే పాట మళ్ళీ ఆండీ చేతే పాడించారు, అది కూడా బాగుంటుంది, కానీ ముందు ఇది వినండి. పాట భాగం అయిపోయి డబ్ మొదలయ్యే చోట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గొంతు ఒక్కసారిగా పోదు, చివరి మాట తోక పట్టుకుని ఎకో సాగుతూ సాగుతూ డ్రమ్సులోని హై-హ్యాట్ పళ్ళేల చప్పుడులో కలిసిపోతుంది, ఎక్కడ మాట ఆగిందో ఎక్కడ తాళం మొదలైందో గీత గియ్యలేం. ఇది కంప్యూటర్లో చేసింది కాదు, ఒక మనిషి పాట నడుస్తుండగా శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీద వేళ్ళు పెట్టి అప్పటికప్పుడు చేసింది, ఇంకోసారి చేస్తే ఇంకోలా వచ్చేది.

ఇప్పుడు క్వాలిటీ విషయం, రివ్యూ అన్నాక ఇదే ముఖ్యం. ముందే చెప్తున్నా, ఈ రికార్డులో టేపు హిస్, అంటే వెనకాల సన్నటి స్‌స్ మనే చప్పుడు, ఉంటుంది. స్టూడియోలోనే అలా ఉంది, పై శబ్దాలు మెరవవు, అంతా కాస్త మసకగా ఉంటుంది. దీన్ని 'శుభ్రం' చేస్తే ఏమవుతుందో వేరే రీఇష్యూల్లో విన్నాను, హిస్‌తో పాటు డ్రమ్సులోని సింబల్ పళ్ళెం మోత చివర ఉండే గాలి, రివర్బ్ తోక, గది వాసన అన్నీ పోతాయి, మిగిలేది బోడి పాట. బెర్లిన్ వాళ్ళు ఆ పని చెయ్యలేదు. మసకని మసకగానే ఉంచి, బేసు మాత్రం ఎంత లోతుగా రికార్డయిందో అంత లోతుగా గాడిలోకి దించారు. మా అపార్ట్‌మెంట్లో రాత్రి తొమ్మిది దాటాక ఇది పెట్టను, కింద ఇంటివాళ్ళ మంచి కోసం.

ఈ బేసు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే రెగే రీఇష్యూల్లో సగం ఇక్కడే చతికిలబడతాయి. ప్లేటు మీద బేసు అంటే గాడి పక్కలకి వెడల్పుగా ఊగడం, ఎంత బేసు ఉంటే అంత స్థలం తింటుంది. అందుకే కట్ చేసేటప్పుడు, అంటే మాస్టర్ ప్లేటు మీద గాడి చెక్కేటప్పుడు, బేసు తగ్గించి, ప్లే చేసేటప్పుడు యాంప్లిఫయర్‌లోని ఫోనో స్టేజ్‌లో తిరిగి పెంచుతారు, ప్రపంచమంతా ఒకే లెక్క. అయినా సరే ఒక పక్కకి పాతికేసి నిమిషాలు కుక్కితే గాళ్ళు దగ్గరదగ్గరగా పెట్టాలి, అప్పుడు లెవెల్ తగ్గించాలి, బేసు కొయ్యాలి, వేరే దారి లేదు. పైగా ప్లేటు తిరిగే వేగం మారదు గానీ సూది లోపలికి వెళ్ళే కొద్దీ కింద గాడి జరిగే వేగం తగ్గిపోతుంది, బయటి అంచు దగ్గర సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు ఉండేది మధ్యలో అంటించిన కాగితం లేబుల్ దగ్గరికొచ్చేసరికి 20 చిల్లరకి పడిపోతుంది, అందుకే పక్క చివర్లో పాటలు స, ష అక్షరాల దగ్గర గరగరలాడతాయి. 'డాన్స్ హాల్ స్టైల్'లో పక్కకి మూడే పాటలు కాబట్టి స్థలం ఉంది, ఆ స్థలాన్ని కట్ చేసినవాళ్ళు పూర్తిగా వాడుకున్నారు. 'స్పైయింగ్ గ్లాస్' రెండో పక్క చివర్న, లేబుల్ పక్కనే ఉంది, అయినా నా కాపీలో ఆండీ గొంతు ఎక్కడా చిరగదు. లేబుల్‌కి దగ్గర్లో అంత పై స్థాయి గొంతు చిరక్కుండా రావడం చిన్న విషయం కాదు.

ఎలా కుదిరింది అంటే వీళ్ళు ఈ పనిలోనే ఉన్నవాళ్ళు. మార్క్ ఎర్నెస్టస్, మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్ అని ఇద్దరు. ఎర్నెస్టస్ 1989లో బెర్లిన్‌లో హార్డ్ వాక్స్ అనే రికార్డు షాపు పెట్టాడు, ఇద్దరూ కలిసి 90ల్లో బేసిక్ ఛానెల్ పేరుతో టెక్నో, అంటే మెషీన్లతో చేసే డాన్స్ మ్యూజిక్, చేశారు, ఆ టెక్నో మొత్తం డబ్ లెక్కల మీదే నడుస్తుంది. వాళ్ళు చేసే మ్యూజిక్‌కి కటింగ్ ఎవరూ సరిగ్గా చెయ్యట్లేదని 1995లో డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ అని సొంతంగా కటింగ్ రూమే పెట్టుకున్నారు. ఆ తర్వాత బార్న్స్‌తో మాట్లాడుకుని 2000ల మొదట్నించి వాకీస్ రికార్డులు ఒక్కొక్కటీ మళ్ళీ వెయ్యడం మొదలెట్టారు, లేబుల్ మీద పేరు వాకీస్‌దే, అట్ట బొమ్మ పాతదే, వీళ్ళ పేరు వెతికితే గానీ కనబడదు. అంతటితో ఆగలేదు, రిథమ్ అండ్ సౌండ్ పేరుతో వాళ్ళు చేసిన కొత్త పాటలకి వాకీస్‌లో పాడిన లవ్ జాయ్స్ లాంటివాళ్ళ చేతే పాడించారు. అంటే పాత సరుకు దొరికింది అమ్ముకుందాం అని వచ్చినవాళ్ళు కాదు, ఆ మనుషులతో కలిసి పనిచేసినవాళ్ళు. నేను రీఇష్యూ లేబుల్‌ని చూసేటప్పుడు మొదట చూసేది ఇదే, టేపు ఎవరి దగ్గర్నించి వచ్చింది, డబ్బు ఎవరి దగ్గరికి వెళ్తోంది.

ఎందుకంత పట్టింపు అంటే, జమైకాలో పాడినవాళ్ళకి చాలామందికి పాటకి ఇంత అని చేతిలో పెట్టి పంపేసేవాళ్ళు, టేపు ప్రొడ్యూసర్‌ది, హక్కు ప్రొడ్యూసర్‌ది. ఆ దేశానికి సొంత కాపీరైట్ చట్టం 1993లో గానీ రాలేదు. ఆ సందులో యూరప్‌లో, అమెరికాలో ఎవరెవరో ఎన్నెన్ని వేసుకున్నారో లెక్క తేల్చడం కష్టం. ఇవాళ్టికీ నడుస్తోంది. ఒక లేబుల్ ఉంది, పేరు రాయను, చూడ్డానికి అట్ట నిగనిగలాడుతుంది, 180 గ్రాములు అని స్టిక్కరు, లోపల ప్లేటు పెడితే పాట మొదట్లో ఎవరిదో పాత రికార్డు మీద ముల్లు దిగిన చప్పుడు, ఆ రికార్డు మీద గీతలు టిక్ టిక్ మని పాట మొత్తం వినబడుతూనే ఉంటాయి. అంటే టేపు లేదు, ఎవరి దగ్గరో ఉన్న పాత కాపీ ప్లే చేసి దాన్నే ఎక్కించారు, ఎక్కించామని అట్ట మీద ఎక్కడా చెప్పలేదు. పాత రికార్డు నించి ఎక్కించడం నేరం కాదు, బోలెడు రెగే పాటలకి టేపులే మిగల్లేదు, తడిసిపోయినవి, కాలిపోయినవి, టేపు కొనే డబ్బుల్లేక పాత పాట మీదే కొత్త పాట రికార్డు చేసినవి. మంచి లేబుళ్ళు కూడా చేస్తాయి, కానీ శుభ్రమైన కాపీ వెతికి, జాగ్రత్తగా చేసి, ఇలా చేశాం అని రాస్తాయి. ఆ ఒక్క వాక్యం రాయడానికి మనసొప్పని వాళ్ళ దగ్గర నేను ఇంక కొనను. బరువు చూసి కూడా మోసపోకండి, 180 గ్రాముల ప్లేటు చేతికి బాగుంటుంది అంతే, బాగా కట్ చేసిన 140 గ్రాముల ప్లేటు ముందు అది ఏమీ కాదు.

వాకీస్ సిరీస్‌లో ఇంకా ఏం కొనాలి అంటే, లవ్ జాయ్స్ 'లవర్స్ రాక్ రెగే స్టైల్' తప్పకుండా. క్లాడెట్ బ్రౌన్, సోనియా ఏబెల్ అని ఇద్దరు అమ్మాయిలు, వరసకి అక్కచెల్లెళ్ళు, లండన్ బ్రిక్స్‌టన్ నించి వచ్చారు. లవర్స్ రాక్ అంటే సాధారణంగా తియ్యటి ప్రేమ పాటలు, వీళ్ళ పాటల్లో తీపి ఉంటుంది గానీ కింద బేసు మాత్రం చీకటే. 'ఆల్ ఐ కెన్ సే' వినండి. వేన్ జారెట్ 'షోకేస్ వాల్యూమ్ 1' కూడా మంచిదే, గొంతు ఆండీ గొంతుకి దగ్గరగా ఉంటుంది, అది కొందరికి మైనస్, నాకు కాదు. మాటలు వద్దు డబ్ ఒక్కటే కావాలి అనుకుంటే ప్రిన్స్ డగ్లస్ 'డబ్ రూట్స్', ఇది స్టూడియో ఇంజనీర్ డగ్లస్ లెవీ చేసింది, కానీ మొదటి డబ్ రికార్డుగా ఇది వద్దు, చెవి కాస్త అలవాటు పడ్డాక వినాలి. షుగర్ మైనాట్ 'వికెడ్ అగో ఫీల్ ఇట్' అందరూ పొగుడుతారు, నాకు మాత్రం మైనాట్ స్టూడియో వన్‌లో పాడినవే ఎక్కువ ఇష్టం.

ఈ సిరీస్ అట్టల్లో ఒరిజినల్‌లో ఎంత ఉంటే అంతే, పెద్ద వ్యాసాలు ఉండవు. చదువుకోడానికి కావాలంటే బ్లడ్ అండ్ ఫైర్ వాళ్ళవి వెతకండి, 1993లో మాంచెస్టర్‌లో మొదలైన లేబుల్, సింప్లీ రెడ్ పాటగాడు మిక్ హక్నల్ కూడా అందులో భాగస్వామి, రెగే చరిత్ర రాసే స్టీవ్ బారో రికార్డులు ఎంచేవాడు. ఆ నోట్స్ చదివే నేను సగం నేర్చుకున్నా. పైన చెప్పిన 'ఇన్ ద లైట్' ని దాని డబ్‌తో కలిపి వేసింది వాళ్ళే. ఆ లేబుల్ తర్వాత మూతపడింది, అప్పటి స్టాక్ సెకండ్ హ్యాండ్‌లోనే, ధరలు పెరిగిపోయాయి. లండన్ వాళ్ళు ప్రెషర్ సౌండ్స్ మాత్రం 90ల మధ్య నించి ఇవాళ్టిదాకా నిలకడగా వేస్తూనే ఉన్నారు, వాళ్ళది కళ్ళు మూసుకుని కొనొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి వీపీ రికార్డ్స్ వాళ్ళ రీఇష్యూ లేబుల్ 17 నార్త్ పరేడ్ దగ్గర్లోనే దొరుకుతుంది. ఆ పేరు కింగ్‌స్టన్‌లో విన్సెంట్ చిన్, ప్యాట్రీషియా చిన్ దంపతులు నడిపిన ర్యాండీస్ షాపు అడ్రసు, వాళ్ళు న్యూయార్క్ వచ్చి క్వీన్స్‌లో, అదీ జమైకా అనే పేటలోనే, దుకాణం పెట్టారు. ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్ళేవాళ్ళకి పెద్ద దూరం కాదు, నేను రెండూ ఒకే రోజు పెట్టుకుంటా. వాళ్ళు 2017లో కాంగోస్ అనే బృందం చేసిన 'హార్ట్ ఆఫ్ ద కాంగోస్' కి 40 ఏళ్ళయిందని మూడు ఎల్పీల సెట్ వేశారు. లీ పెర్రీ బ్లాక్ ఆర్క్‌లో చేసిన వాటిల్లో నా లెక్కలో అన్నిటికంటే గొప్పది ఇదే, 1977లో ఐలండ్ రికార్డు కంపెనీ వాళ్ళు విడుదల చెయ్యకపోతే పెర్రీ కొద్ది కాపీలే సొంతంగా వేసుకున్నాడు. సెడ్రిక్ మైటన్ పై గొంతు, రాయ్ జాన్సన్ మధ్య గొంతు, వాటీ బర్నెట్ కింది గొంతు, వెనకాల ఎక్కడో ఆవు అంబా అంటుంటుంది. ఆ రికార్డు గురించి ఇక్కడ రాయడం మొదలుపెడితే తెల్లారుతుంది, విడిగా రాస్తా.

'డాన్స్ హాల్ స్టైల్' ప్లే చెయ్యడానికి ఖరీదైన సెట్ అక్కర్లేదు, కానీ సూట్‌కేస్ మోడల్ ప్లేయర్ల మీద మాత్రం పెట్టకండి, వాటిల్లో బరువైన ముల్లు, బేసు ఎక్కువున్న గాడిలో ఎగురుతుంది, రికార్డు కూడా పాడవుతుంది. మామూలు బెల్ట్ డ్రైవ్, ఎలిప్టికల్ సూది, కార్ట్రిడ్జ్ సరిగ్గా అమర్చి ఉండటం, స్పీకర్లు టర్న్‌టేబుల్ ఉన్న బల్ల మీద కాకుండా వేరేగా ఉండటం, ఇవి చాలు. ఈ చివరిది తేలిగ్గా తీసుకోకండి, ఒకే బల్ల మీద రెండూ ఉంటే స్పీకర్లోంచి వచ్చే బేసు సూదికి తగిలి మళ్ళీ స్పీకర్లోకి వెళ్ళి గుమ్మ్ మని పెరుగుతూ పోతుంది. కొత్త ప్లేటే కదా అని తుడవకుండా పెట్టొద్దు, ప్రెస్సింగ్ ప్లాంట్ నించి వచ్చిన దుమ్ము, అట్ట పొట్టు ఉంటాయి, కార్బన్ బ్రష్‌తో ఒక్కసారి తుడిస్తే మొదటి పక్క టిక్కులు సగం పోతాయి. రేపు ఏడు అంగుళాల జమైకన్ సింగిల్స్ కూడా కొనడం మొదలెడితే, మొదలెడతారు, వాటికి మధ్యలో పెద్ద కన్నం ఉంటుంది, అడాప్టర్ ముందే కొనిపెట్టుకోండి. ఆ సింగిల్స్ పాత స్టాంపర్ల మీదే, అంటే ప్లేటు అచ్చుగుద్దే పాత లోహపు అచ్చుల మీదే, మళ్ళీ కొట్టినవి చాలా ఉంటాయి, చరచర తప్పదు, జమైకాలో పాత రికార్డులు కరిగించి కొత్తవి కొట్టిన రోజులున్నాయి మరి. శుభ్రంగా కావాలంటే టోక్యోలో డబ్ స్టోర్ వాళ్ళు కొట్టినవి తీసుకోండి, ధర ఎక్కువే, పనితనం ధరకి తగ్గట్టే ఉంటుంది.

'డాన్స్ హాల్ స్టైల్' ధర నేను చూసినప్పుడు పాతిక డాలర్లకి కాస్త అటూ ఇటూ, స్టాక్ అయిపోయి మళ్ళీ వస్తుంటుంది, కాబట్టి ఎవరో యాభై అడిగితే ఆగండి, మళ్ళీ ప్రెస్ అయ్యాక కొనొచ్చు. ఇండియా నించి ఆర్డర్ చేసేవాళ్ళు ఒక్కటే తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి రికార్డు ధర దాటిపోతుంది, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బాక్సు చెప్పుకోండి, లేదా ఎవరైనా వస్తుంటే సూట్‌కేసులో బట్టల మధ్య నిలువుగా పెట్టించండి, పడుకోబెట్టి పైన బరువు పెడితే వంగిపోతుంది. ప్లేటుని అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనకాల విడిగా పెట్టి పంపమని షాపు వాళ్ళకి రాస్తే పంపుతారు, లేకపోతే దార్లో ప్లేటు అంచు తగిలి అట్ట పై అంచు చిరుగుతుంది.

నాకు ఈ సిరీస్‌లో ఇంకా జాకీ మిట్టూ 'వైల్డ్ జాకీ' కొనాల్సి ఉంది, స్టూడియో వన్‌లో ఆర్గన్ వాయించినాయన బ్రాంక్స్ వచ్చి ఏం చేశాడో వినాలని ఎప్పట్నించో ఉంది. ఎవరి దగ్గరైనా ఉంటే ఆర్గన్ ఎలా వచ్చిందో, బేసు కింద మునిగిపోయిందా పైకి వినబడుతోందా చెప్పండి, వచ్చే నెల ఆర్డర్‌లో పెట్టేస్తా.